వెయ్యి రెట్ల దూరం

మా సంస్థలో పరమాణువులను చల్లబరుస్తారు. ఐస్ ఫ్యాక్టరీ అంత చల్లగానా అని చేరిన కొత్తలో అడిగితే నఫీసా మేడం పకపకా నవ్వింది. "దీని ముందు ఐస్ ఫ్యాక్టరీ పొయ్యి లెక్క, రజితా" అన్నది. నా పని టీ గదిలో. అంటే మూడు వందల ఎకరాల అతిశీతల పదార్థ పరిశోధన సంస్థలో ఏదైనా వేడి చేసే ఉద్యోగం నాదొక్కదానిదే.

హైదరాబాదు నుంచి బస్సులో గంటన్నర. దిగితే రాళ్లు, తుప్పలు, ఆ తుప్పల నడుమ మా భవనం. అందులో కింది అంతస్తున నా టీ గది, దాని గోడకు అటువైపు పిల్లల గది. నా బిడ్డ మన్విత ఆ గదిలోనే పెరుగుతోంది. పాలు పొంగకముందే దాని ఏడుపు వినిపిస్తుంది నాకు. పద్నాలుగు నెలలొచ్చినా ఇంకా నడవడం లేదు. సీసాతో పడితే పాలు తాగదు. పిల్లల గది ఆయా బాలమణమ్మ మాత్రం, "ఓ పిల్లా, గంత పరేషాన్ ఎందుకే? దానికి నడవబుద్ధి పుట్టిననాడు నడుస్తది. నువ్వు పట్టుకోలేవు చూడు" అంటుంది. నేను తల ఊపి, మళ్లీ పోయి బిడ్డ నుదురు ముట్టుకుని చూసుకుంటాను.

ఏప్రిల్‌లో నఫీసా మేడం వాళ్లు ఒక కొత్త రకం అణువును తయారు చేశారు. టీ తాగడానికి వచ్చినప్పుడు ఆమె రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపించింది.

"ఇదొక పరమాణువు, ఇదొక పరమాణువు. మామూలు అణువులల్ల గిట్ల ఆనుకొని ఉంటయి. మాదాంట్ల ఎట్ల ఉంటయంటే, ఒక గ్లాసు ఇక్కడుంటే రెండోది గేటు కాడ ఉంటది. దాదాపు వెయ్యి రెట్ల దూరం."

"మరి గంత దూరం ఉంటే అవి కలిసున్నట్టు ఎట్ల మేడం?"

"అదే కదా వింత! బాగా చల్లబరిచి, మెల్లగ ఒకదానికొకటి తగలనిస్తం. ఒకదాని ఎలక్ట్రాన్ మస్తు దూరం దాకా తిరుగుతుంటది. ఆ తిరుగుడే రెండింటినీ పట్టి ఉంచుతది."

"మా ఆయన నాగపూర్‌కు డీసీఎం లారీ నడుపుతడు మేడం. సంసారమంతా ఫోన్లనే. ఆ లెక్కన మేం ఎప్పటి నుంచో అణువే."

మేడం నవ్వుతుంటే టీ ఒలికింది. అంతటితో అయిపోవలసిన ముచ్చట అది. కానీ ఆ మర్నాడే డైరెక్టరు గారు అభినందన సభ పెట్టారు.

మా డైరెక్టరు డాక్టర్ విశ్వంభరరావు గారికి సంస్థ గురించి ఒక దిగులుండేది. పక్కపక్క బల్లల మీద కూర్చునేవాళ్లే కొట్లాడుకుంటున్నారు. పరిపాలనాధికారి దక్షిణామూర్తి గారూ, లెక్కల అధికారి పరాంకుశం గారూ ఒకే గదిలో పదకొండేళ్లుగా మాట్లాడుకోకుండా ఉన్నారు, ఒక కిటికీ తెరవాలా మూయాలా అన్న విషయం మీద. డైరెక్టరు గారు మైకు ముందు నిలబడి చేతులు చాచారు.

"దగ్గరగా ఉంటేనే బంధం అన్నది కాలం చెల్లిన అపోహ! చలిలో, దూరంలో, అత్యంత దూరంలో బంధం నిలుస్తుందని ప్రకృతి మన ప్రయోగశాలలోనే నిరూపించింది. ఈ మహత్తర సత్యాన్ని పరమాణువులకే పరిమితం చేయడం న్యాయమా? పరిపాలనకు వర్తింపజేయవద్దా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నఫీసా మేడం కూడా సగం కొట్టి ఆపేసింది.

మూడో రోజున నా టీ గది తలుపు మీద ఉత్తర్వు అతికించి ఉంది. పాలు పొంగేదాకా నిలబడి చూసేది ఆ తలుపే కాబట్టి నాకది కంఠతా వచ్చేసింది.

"ఉత్తర్వు సంఖ్య 1. దూరబంధ సూత్రమును సంస్థయందు తక్షణమే అమలుపరచుటకై, పరస్పర సహకారము గల ఏ రెంటి మధ్యనైనను ప్రస్తుతమున్న దూరమును కొలిచి, దానిని వెయ్యి రెట్లు చేయవలెను. ఉష్ణోగ్రతను వీలైనంత తగ్గించవలెను. ఉల్లంఘన శిక్షార్హము."

కింద దక్షిణామూర్తి గారి సంతకం. మంచి మనిషి. దారిలో చీమలు కనిపిస్తే పక్కనుంచి పోతారు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క ఉత్తర్వును కూడా ఇది నాకు అర్థం కాలేదని వెనక్కి పంపలేదు. అర్థం చేసుకోవడం తన పరిధిలోకి రాదంటారు. ఆ రోజు నుంచి ఆయన చేతిలో ఒక పసుపుపచ్చ కొలత టేపు, జేబులో ఒక క్యాలిక్యులేటరు.

మొదట చలి వచ్చింది. ఏసీలన్నీ పదహారుకు దించి, మీటల మీద ప్లాస్టరు అంటించారు. బయట మే నెల ఎండ. జనం చెమటలు కక్కుతూ బస్సు దిగి, గేటు దగ్గర స్వెట్టరు తొడుక్కుని, మంకీ క్యాపు పెట్టుకుని లోపలికి వచ్చేవారు. టీలు రెట్టింపయ్యాయి.

తర్వాత బల్లలు కదిలాయి. గుమాస్తాకూ సెక్షన్ ఆఫీసరుకూ మధ్య ఆరడుగులుండేవి. వెయ్యి రెట్లు చేస్తే ఆరు వేల అడుగులు. గుమాస్తాను వెనక గోడ మూలన కూర్చోబెట్టి అక్కడి నుంచి కొలుచుకుంటూ వస్తే, సెక్షన్ ఆఫీసరు బల్ల ప్రహరీ దాటి హైవే మీది బస్సు షెల్టరులో పడింది. పాపం ఆయన అక్కడే కూర్చుని ఫైళ్లు చూసేవారు. ఎవరైనా సిద్దిపేట బస్సు ఎన్నింటికని అడిగితే, "లిఖితపూర్వకంగా సమర్పించండి" అనేవారు. వారం తిరిగేసరికి నిజంగానే రాసిచ్చేవాళ్లు తయారయ్యారు.

క్యాంటీన్‌లో అన్నం గిన్నెకూ పప్పు గిన్నెకూ రెండడుగులుండేది. అన్నం క్యాంటీన్‌లోనే ఉండి, పప్పు రెండు వేల అడుగుల అవతల వాచ్‌మన్ గుడిసె దగ్గరికి పోయింది. అన్నం పెట్టించుకుని, ఆ పళ్లెం మీద ఇంకో పళ్లెం మూసుకుని, శాస్త్రవేత్తలు వరసగా నడుస్తుంటే చూసినవాళ్లు ఏదో మొక్కు అనుకునేవారు. బాత్రూముల్లో బకెట్టుకూ మగ్గుకూ ఒక అడుగు. వాటి సంగతి వేరే చెప్పాలా. మగ్గులన్నీ తీసుకెళ్లి వెయ్యి అడుగుల దూరాన జెండా దిమ్మె చుట్టూ పేర్చారు. బకెట్టుకూ మగ్గుకూ ఉన్నది సహకారమా, అవసరమా అని నఫీసా మేడం ఒక నోటు పంపితే, "ఒకటి లేనిచో రెండవది నిరర్థకమగుచున్నందున సహకారముగానే భావించవలెను" అని జవాబు వచ్చింది.

నేను కూడా అందరిలాగే నవ్వుకున్నాను. మే నెల రెండో సోమవారం దక్షిణామూర్తి గారు టేపు పట్టుకుని టీ గదిలోకి వచ్చేదాకా.

"ఈ గోడకు అటుపక్క శిశువు, ఇటుపక్క తల్లి. పరస్పర సహకారము ఉన్నదా?"

"అంటే ఏంది సార్?"

"శిశువుకు నీ వలన ప్రయోజనము కలదా?"

"పాలిస్త సార్."

"నీకు శిశువు వలన?"

"తాగుతది సార్" అన్నాను.

"సహకారము రుజువైనది" అని రాసుకున్నారు. పొయ్యి నుంచి గోడకు, గోడ నుంచి ఊయలకు టేపు పరిచారు. నాలుగు అడుగులు. క్యాలిక్యులేటరు నొక్కారు. నాలుగు వేల అడుగులు.

"గంత దూరం ఏముంది సార్? అక్కడ పాత పంపు గది తప్ప!"

"పంపు గది ఉన్నది కదా" అన్నారు ఆయన, నేనే ఆయనకు సాయం చేసినట్టు.

మిగతా నలుగురు పిల్లల తల్లులు రెండో అంతస్తులో పనిచేసేవారు. వాళ్ల దూరం కొలిచి గుణిస్తే పిల్లలు పక్క మండలంలో తేలారు. దాంతో వాళ్లు పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలేశారు. పంపు గదికి చేరింది నా మన్నూ, దాని ఊయల, బాలమణమ్మ.

మొదటి రోజు పోయి గోడల్లో ఉన్న బొక్కలన్నీ పాత గుడ్డలతో కుక్కాను, తేళ్లొస్తాయని. కిటికీకి దోమల వల కట్టాను. ఊయల కింద చీమల మందు గీత గీసి, దాని వాసన బిడ్డకు పడదేమోనని మళ్లీ కడిగేశాను. బాలమణమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని చూస్తూ, "ఇల్లు కడుతున్నవా పిల్లా, గృహప్రవేశం ఎప్పుడు?" అన్నది.

రోజుకు నాలుగుసార్లు పాలివ్వాలి. నాలుగుసార్లు పోయి రావాలి. ఎండలో చెప్పులు కాలుతుంటే, టీ గదికి వస్తే పంపు గదిలో ఏడుపు వినిపించినట్టుండేది, పంపు గదికి పోతే పొయ్యి మీద పాలు పొంగినట్టుండేది. పైగా టీ అందరికీ ఇప్పుడు వెయ్యి రెట్ల దూరం మోయాలి. బస్సు షెల్టరుకు చేరేసరికి అది శాస్త్రవేత్తలు మెచ్చేంత చల్లబడేది. నా అవస్థ చూసి దక్షిణామూర్తి గారు ఆలోచించి నా మెడలో ఒక బిళ్ల వేయించారు. "సంచార సంధానకర్త" అని దాని మీద. పక్కనే బ్రాకెట్లో "ఎలక్ట్రాన్ తరగతి."

"ఇది గౌరవమమ్మా" అన్నారు.

"గౌరవం సరే సార్, బిడ్డను వెనక్కి తెస్తరా?"

"తమ విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నది."

రెండు వారాలకు నా చేతికి ఇంకో కాగితం వచ్చింది. టీలు ఆలస్యమవుతున్నాయి, చల్లారుతున్నాయి, మెరుగుపడనిచో సేవలు నిలిపివేయబడును. నాకు రెండే దారులు కనిపించాయి. పని మానేయాలి, లేదంటే బిడ్డను సిద్దిపేటలో మా అమ్మ దగ్గర వదలాలి. సీసా ముట్టని బిడ్డను ఎట్లా వదలను? మధ్యలో చదువు ఆగిపోయినదాన్ని, ఈ పని పోతే ఇంకోటి ఎవరిస్తారు?

నఫీసా మేడం దగ్గరికి పోయి అడిగాను. "మేడం, గా అణువు ఎంతసేపు బతుకుతది?"

"సెకనుల లక్షో వంతు. ఎక్కువలో ఎక్కువ ఇంకొన్ని రెట్లు."

"అంతేనా? మరి దాని పేరు మీద మేం నెల నుంచి తిరుగుతున్నం కదా!"

మేడం కళ్లు మెరిశాయి. లేచి నేరుగా డైరెక్టరు గారి గదికి పోయింది, నేను టీ ట్రేతో వెనకాలే. అణువే అంతసేపు బతకకపోతే ఉత్తర్వు సంతకం ఆరకముందే గడువు తీరినట్టు కదా అని ఆమె అడిగింది.

డైరెక్టరు గారు శాలువా సర్దుకున్నారు. "మంచి పరిశీలన. కానీ అది కాలానికి సంబంధించిన అంశం. ఇది దూరానికి సంబంధించిన ఉత్తర్వు. కాలానికి వేరే కమిటీ వేద్దాం."

"సభ్యులు ఒకరికొకరు ఎంత దూరమున కూర్చొనవలెనో తేలిన పిదప సమావేశము" అని దక్షిణామూర్తి గారు రాసుకున్నారు. రాసుకుని, గొంతు సవరించుకున్నారు. "మొదటి దశ ఫలితములు సంతృప్తికరము సార్. గత నెలలో సంస్థయందు ఒక్క తగాదా నమోదు కాలేదు."

నిజమే. తిట్టుకోవాలంటే మైలు నడవాలి.

"అయితే రెండో దశ ప్రారంభించండి" అన్నారు డైరెక్టరు గారు. "నెలాఖరున మళ్లీ కొలవండి. ప్రస్తుతమున్న దూరం, వెయ్యి రెట్లు!"

ఇప్పుడున్నది నాలుగు వేల అడుగులు. దక్షిణామూర్తి గారు అప్పటికే నొక్కేశారు. "నలభై లక్షల అడుగులు. అనగా పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు." గోడ మీది పటంలో రోడ్డు వెంట వేలు పెట్టి పైకి జరిపారు. "శిశు గది గ్వాలియరు ప్రాంతమున వచ్చును."

మా ఆయన డీసీఎం కూడా అంత దూరం పోదు.

నెలాఖరు రోజు పొద్దున మన్నూకు ఒళ్లు కాస్త వేడిగా ఉంది. బాలమణమ్మ పళ్లొస్తున్నాయన్నది. నాకు మాత్రం గ్వాలియరు తప్ప ఏమీ కనబడటం లేదు. పాలిచ్చి దించబోతే బిడ్డ నా జుట్టు రెండు చేతులా పట్టుకుంది. ఒక్కో వేలు విప్పితే రెండో చేయి బిగిసింది. అప్పుడే తలుపు దగ్గర దక్షిణామూర్తి గారు, పసుపుపచ్చ టేపుతో.

"రెండవ దశ కొలత. శిశువును ఊయలలో ఉంచి, నీవు నీ స్థానమునకు వెళ్లుము."

"దిగుతలేదు సార్."

"దింపవలెను."

టీ గది తలుపు మీది కాగితం నా కళ్ల ముందు కదిలింది. నెలన్నర పాలు కాచుకుంటూ చదివిన కాగితం. "సార్," అన్నాను, "ఉత్తర్వుల ఏమని ఉంది? ఉండవలసిన దూరమనా, ప్రస్తుతమున్న దూరమనా?"

ఆయన ఆలోచించారు. "ప్రస్తుతమున్న."

"ప్రస్తుతం గిట్ల ఉన్నం సార్. కొలవండి."

బాలమణమ్మ లేచి గోడకు ఆనుకుంది, బాగా కనబడాలని. దక్షిణామూర్తి గారు టేపు కొస నా భుజం దగ్గర పెట్టి, రెండో కొస బిడ్డ ఛాతీ దగ్గరికి జరపబోయారు. జరపడానికి చోటు లేదు. వంగి మెడ పక్కన చూశారు. అటు తిరిగి చంక దగ్గర చూశారు. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని చూపుడు వేలు మధ్యకు పోనివ్వబోయారు. మన్నూ ఆ వేలు పట్టుకుని కొరికింది. పళ్లు నిజంగానే వస్తున్నాయి.

"దూరము... సున్నా" అన్నారు ఆయన, వేలు విదిలించుకుంటూ.

"ఎనిమిదో తరగతిల చెప్పిన్రు సార్. సున్నాను వెయ్యితో కాదు, కోటితో గుణించినా సున్నానే."

ఆయన క్యాలిక్యులేటరు నొక్కారు. తుడిచి మళ్లీ నొక్కారు. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో మూడోసారి నొక్కారు. తర్వాత ఆయన ముఖంలోకి ఒక ప్రశాంతత వచ్చింది. ఆయన నాకు అడ్డు కాదు, బిడ్డకు అడ్డు కాదు. నియమం ఎటు పోతే అటు పోయే మనిషి, అంతే.

మధ్యాహ్నానికి ఉత్తర్వు సంఖ్య 47 వచ్చింది. "టీ విభాగపు శ్రీమతి రజితకును, ఆమె శిశువునకును మధ్య దూరము సున్నాగా నిర్ధారింపబడినది. ఇరువురును విధి సమయమందు సదరు దూరమును తప్పక పాటించవలెను. ఉల్లంఘన శిక్షార్హము."

బిడ్డను ఎత్తుకోకపోతే నేరం! చంకలో పది కిలోల మన్నూ, చేతిలో ఫ్లాస్కు. వేడి ఫ్లాస్కు దాని కాలికి తగలకుండా బాలమణమ్మ సంచి కుట్టిచ్చింది. నడుం పట్టేసింది గాని, ఆ రోజు నాకు ఏ ఏడుపూ వినిపించలేదు.

సంగతి గంటలో పాకింది. రెండో రోజు దక్షిణామూర్తి గారు కొలతకు పోయేసరికి గుమాస్తా, సెక్షన్ ఆఫీసరు బస్సు షెల్టరులో ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. సున్నా. క్యాంటీన్ వాళ్లు పప్పును తీసుకొచ్చి అన్నంలోనే కలిపేశారు. సున్నా. మగ్గులు తీసుకొచ్చి బకెట్లలో పడేశారు. అన్నిటికన్నా పెద్ద వింత పరాంకుశం గారు చేశారు. రెండో దశలో ఆయన బల్ల బంగాళాఖాతంలో పడుతుందని ఎవరో చెప్పగానే పరిగెత్తుకొచ్చి, కొలవబోతున్న దక్షిణామూర్తి గారిని గట్టిగా వాటేసుకున్నారు.

"కొలవండి!" అన్నారు.

పదకొండేళ్ల తర్వాత ఆయన ఈయనతో పలికిన మొదటి మాట అది. టేపు ఇద్దరి మధ్యా నలిగింది. "సున్నా" అని దక్షిణామూర్తి గారు ఆయన భుజం మీద నుంచే చదివారు. కాసేపటికి, మెల్లగా, "కిటికీ తెరవమంటారా?" అని కూడా అడిగారట. నేను వినలేదు, బాలమణమ్మ చెప్పింది.

ఇక మిగిలింది డైరెక్టరు గారు ఒక్కరే. ఆయనకు సహకారం ఢిల్లీ ప్రధాన కార్యాలయంతో. అక్కడికి పోయి ఎవరినీ వాటేసుకోలేరు. దక్షిణామూర్తి గారు ఎంతో శ్రద్ధగా లెక్క కట్టి ఫైలు పెట్టారు. నేను టీ ఇవ్వడానికి పోయినప్పుడు అది బల్ల మీద తెరిచి ఉంది.

"ఢిల్లీ, పదిహేను వందల కిలోమీటర్లు. వెయ్యి రెట్లు, పదిహేను లక్షల కిలోమీటర్లు. ఇది చందమామకు నాలుగింతల దూరమగుచున్నది. డైరెక్టరు వారి ఆసనమును ఏ వాహనమున తరలించవలెనో ఆదేశములు కోరడమైనది."

డైరెక్టరు గారు ఆ కాగితం వైపు, పైకప్పు వైపు, మళ్లీ కాగితం వైపు చూశారు. "దక్షిణామూర్తి గారూ, ఇది హాస్యమా?"

"కాదు సార్. గుణకారము."

సాయంత్రానికి రద్దు ఉత్తర్వు వచ్చింది. "ఉత్తర్వులు 1 మొదలు 46 వరకు రద్దు." ఏసీల మీది ప్లాస్టరు ఊడింది, పిల్లల గది గోడ పక్కకు తిరిగొచ్చింది, బస్సు షెల్టరులో జనం సెక్షన్ ఆఫీసరు ఏరని కొన్నాళ్లు వెతికారు. నఫీసా మేడం ఊపిరి పీల్చుకుని మళ్లీ తన అణువుల దగ్గరికి పోయింది.

కానీ నలభై ఏడు రద్దు కాలేదు. ఎవరూ గమనించలేదు. నేను చెప్పలేదు. దక్షిణామూర్తి గారికి మాత్రం గుర్తుంది. వరండాలో ఎదురైనప్పుడల్లా ఒకసారి వంగి, నాకూ బిడ్డకూ మధ్య సందు ఉందేమో చూసి, తృప్తిగా తల ఊపి వెళ్లేవారు.

మొన్న గురువారం ఆయన పిల్లల గదిలో కొత్త ఊయలకు కొలతలు తీస్తున్నారు. నేను టీ ఇచ్చి, నడుం నొప్పికి ఓర్చుకోలేక మన్నూను చాప మీద దించాను, ఒక్క క్షణం. ఆయన టేపు లాగారు. పసుపుపచ్చని నాలుకలాగా అది నేల మీద నా కాళ్ల దాకా జరజరా సాగింది. మన్నూ దాన్ని చూసింది. గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది. ఒక అడుగు వేసింది, ఊగింది, పట్టుకుందామని చేతులు చాపాను. బాలమణమ్మ నా కొంగు పట్టి వెనక్కి లాగింది. బిడ్డ ఇంకో అడుగు వేసింది. ఇంకోటి. నా వైపు చూడనైనా లేదు. పోయి పోయి దక్షిణామూర్తి గారి మోకాలి మీద ధబ్బున పడి టేపు పట్టుకుంది.

టేపు ఒక కొస బిడ్డ గుప్పిట్లో, ఇంకో కొస నా కాళ్ల దగ్గర. దక్షిణామూర్తి గారు అలవాటు ప్రకారం అంకె మీదికి వంగారు.

"ఆరు అడుగుల రెండు..." అని మొదలుపెట్టారు. ఆ చేయి క్యాలిక్యులేటరు ఉన్న జేబు దాకా పోయింది.

నా వైపు చూశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియడం లేదు, ఆయనకేం తెలుస్తుంది. ఆయన జేబులోంచి చేయి బయటికి తీశారు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

"అద్దములు మసకగా ఉన్నవి" అన్నారు. "అంకె కనబడుట లేదు."

టేపు బిడ్డ చేతికే వదిలేసి వెళ్లిపోయారు.